తనకు తానే తీర్పరి

మైదానమున ఆడు క్రీడలలో పెక్కింటికి తీర్పరి యుండును. కబడ్డీలో గీత దాటిన వానిని ఆతడు పట్టి చెప్పును; క్రికెట్టులో వ్రేలెత్తి ఆటగానిని ఆవలికి పంపును. గోల్ఫు క్రీడ తీరు వేఱు. అందు ఆటగాండ్రు విశాలమైన పచ్చికబయళ్లలో మైళ్లకొలది నడచుచు ఆడుదురు. ప్రతివాని వెంటను ఒక తీర్పరి నడచుట సాధ్యము కాదు. కావున తన తప్పును తానే గుర్తించి, తానే వెల్లడించి, దండనను తనకు తానే విధించుకొనవలెనని ఆ క్రీడానియమము శాసించుచున్నది.

ఈ క్రీడ స్కాట్లండు దేశపు సముద్రతీరమున వర్ధిల్లినది. 1744లో లీత్ అను రేవుపట్టణమునందలి ఆటగాండ్రు దీనికి 13 నియమములు వ్రాసికొనిరి. భారతదేశమున 1829లో కలకత్తాలో గోల్ఫుసంఘము వెలసినది. తెలుగునాట విశాఖపట్టణమునందును, హైదరాబాదులో గోలకొండకోట చెంతను గోల్ఫు మైదానములు కలవు.

చిన్నదైన గట్టి బంతిని కఱ్ఱతో కొట్టి, దూరముననున్న గుంటలో పడవేయుటయే ఆట. సాధారణముగ 18 గుంటలుండును. ఒక్కొక్క గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు మాత్రమే. తక్కువ దెబ్బలతో అన్ని గుంటలను ముగించినవాడు విజేత.

గుంట చుట్టు నున్న పచ్చికను కొన్ని మిల్లీమీటర్ల ఎత్తునకు కత్తిరించి నున్నగా నుంచుదురు. దీనికి గ్రీన్ అని పేరు. ఇచ్చట బంతి మెల్లగా దొర్లును. చిన్న గతుకైనను దాని త్రోవను మార్చగలదు. అందుచే తోటివాని బంతికిని గుంటకును నడుమ కాలు మోపరాదు. ఆతడు గురి చూచుచుండగా కదలరాదు, మాటలాడరాదు. తన నీడ ఆతని త్రోవపై పడకుండ నిలువవలెను. బంతిని చేతికి తీసికొనదలచిన, ముందుగా దాని వెనుక ఒక నాణెము నుంచి చోటు గుర్తుపెట్టవలెను. పైనుండి పడిన బంతి నేలను గుంట చేసిన, దానిని సరిచేసి వెడలవలెను.

ఈ మర్యాద పల్లెవాసులకు క్రొత్త కాదు. కోనసీమలోని కె.గంగవరము వంటి డెల్టా గ్రామములందు, చేనికి నీరు పెట్టుకొన్న రైతు గట్టునకు కొట్టిన గండిని మరల పూడ్చిగాని ఇల్లు చేరడు. పూడ్చకున్న నష్టము పొరుగుచేనివానిది. వెనుక వచ్చువాని మేలు తలచుటయే రెండుచోట్లను ధర్మము.

గ్రీన్ చుట్టును, త్రోవ ప్రక్కలను ఇసుక నింపిన పల్లములుండును. వీనిని బంకరులందురు. బంతి అందు పడిన ఆటగానికి కష్టకాలమే. గోదావరి ఇసుకతిన్నెలపై నడచిన బాలురకు తడియిసుక గట్టిగా నుండుననియు, పొడియిసుకలో పాదము దిగబడుననియు తెలియును. ఇసుక గుణము ముందుగా తెలిసినచో దెబ్బ సులువగును. అందుచే దానిని పరీక్షించుటకై చేతితోగాని కఱ్ఱతోగాని తాకరాదు. కొట్టుటకై కఱ్ఱను వెనుకకు ఎత్తునప్పుడును అది ఇసుకకు తగులరాదు. తగిలిన, దెబ్బలు లెక్కించు పోటీలో రెండు దెబ్బలు దండన. బంతి చెంతనున్న ఆకును, రాతిని తొలగించుటకు మాత్రము 2019 నుండి అనుమతి కలదు. అట్లు తీయునప్పుడు బంతి కదలరాదు. ఆట ముగిసిన పిమ్మట అడుగుజాడలను దంతెతో చదును చేసి వెలుపలికి రావలెను.

ఈ నియమము 2024లో ఒక తెలుగు యువకుని పరీక్షించినది. సాహిత్ తీగల 1997లో అమెరికాలో జన్మించెను. ఆతని తల్లిదండ్రులు హైదరాబాదువారు. అట్లాంటా నగరమునందలి ఈస్ట్ లేక్ మైదానమున టూర్ ఛాంపియన్‌షిప్ పోటీ జరుగుచుండెను. మూడవనాటి ఆటలో, మూడవ గుంటకు పోవు త్రోవలో ఆతని బంతి బంకరున పడెను. కఱ్ఱను వెనుకకు ఎత్తునప్పుడు ఇసుక రవంత కదలినట్లు ఆతనికి తోచెను. వెంటనే ఆ సంగతిని ఆతడే తెలిపి, రెండు దెబ్బల దండనను స్వీకరించెను.

పోటీ ముగియునప్పటికి స్కాటీ షెఫ్లర్ విజేత కాగా, కాలిన్ మొరికావా రెండవవాడు, సాహిత్ మూడవవాడు. మొరికావాకును సాహిత్‌కును తేడా సరిగా రెండు దెబ్బలే! రెండవ బహుమానము 125 లక్షల డాలర్లు. మూడవది 75 లక్షలు. ఆ రెండు దెబ్బలు లేకున్న ఇరువురును సమానులై, ఒక్కొక్కరు 100 లక్షలు పొందెడివారు. ఇసుకరేణువుల మాట చెప్పినందుకు సాహిత్ విడిచినది 25 లక్షల డాలర్లు.

ఆ మైదానముననే బాల్యమున ఆట నేర్చిన బాబీ జోన్స్ 1925 నాటి అమెరికా జాతీయపోటీలో, తన బంతి కొంచెము కదలినదని తానే చెప్పి ఒక దెబ్బ దండన పొందెను. తుదకు విజేత పదవిని కోల్పోయెను.

చూచువారున్నప్పుడు నియమమును పాటించుట భయముచేతనైనను జరుగవచ్చును. చూచువారు లేనిచోట పాటించుటయే శీలము. తరగతిగదిలో ఉపాధ్యాయుడు లేని వేళ పరీక్ష వ్రాయు విద్యార్థికిని, తూకము వేయు వర్తకునకును ఈ మాట సమానముగ వర్తించును.