పూతకు ముందే పట్టుకోండి: సేంద్రియ సోయాకు చిట్కాలు

నిర్మల్, ఆదిలాబాద్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల నల్లరేగళ్లలో వానాకాలం వస్తే చాలామంది చూపు సోయా మీదే. దాదాపు వంద రోజుల పంట. మందు డబ్బా ముట్టకుండా గింజ ఇంటికి రావాలంటే అసలు పనంతా పూతకు ముందే, విత్తిన 35-40 రోజుల్లోపే జరగాలి. కాయ పట్టాక పురుగు వెంట పడితే కషాయాలు ఆదుకోవు.

1. విత్తనాన్ని చాటలో పోసి ఏరండి. ముడతలు పడ్డవి, బూజు పట్టినవి, ఊదారంగు మచ్చ ఉన్నవి పక్కన పెట్టేయండి. ఆ ఊదా మచ్చ శిలీంధ్రం వల్ల వచ్చేది. విత్తనంతో పాటే కొత్త చేనులోకి అడుగుపెడుతుంది.

2. సోయా గింజ తోలు చాలా పలచన. బీజామృతంలో నానబెడితే తోలు ఊడి మొలక దెబ్బతింటుంది. పట్టా మీద పరిచి పైపైన చిలకరించండి. చేత్తో నలపకుండా పట్టా అంచులు ఎత్తి అటూ ఇటూ దొర్లించి నీడలో ఆరబెట్టండి. ఆరాక కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించాలి. రైజోబియం (ఎకరా విత్తనానికి 200 గ్రాములు) చివరగా, విత్తే ముందు కలపాలి. అడిగి మరీ సోయా రైజోబియమే తెచ్చుకోండి, కందిదీ వేరుశనగదీ దీనికి పనికిరాదు.

3. వేరుకుళ్లు వచ్చే చేనైతే 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి చల్లి, గోనె కప్పి వారం పది రోజులు నీడలో ఉంచండి. ఇది ఎకరాకు సరిపోతుంది, ఆఖరి దుక్కిలో వేయాలి. యాసంగిలో శనగ వేసేవాళ్లు దీన్ని అసలు వదలొద్దు. సోయా వేరును కుళ్లబెట్టే శిలీంధ్రమే శనగకు ఎండు వేరుకుళ్లు తెస్తుంది.

4. వేపపండ్లు రాలే రోజుల్లోనే ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఎండబెట్టి దాచండి. 5 కిలోల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డలో వడకట్టి 100 లీటర్ల నీళ్లకు కలపాలి. ఆకుకు అంటుకోవడానికి కుంకుడు రసం చాలు. సాయంత్రమే కొట్టండి, ఎండకు వేప చేవ తగ్గుతుంది. గుడ్ల మీద, పిల్ల పురుగుల మీద ఇది బాగా పనిచేస్తుంది. బలిసిన లద్దె పురుగుకు చాలదు.

5. గట్ల చుట్టూ ఆముదం వేయండి. పొగాకు లద్దె పురుగు తల్లి ముందు ఆముదపు ఆకు మీదే వాలుతుంది. ఆకు తిరగేస్తే గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల కుప్ప కనిపిస్తుంది. గుడ్లు పగిలితే పిల్లలన్నీ ఒకే ఆకు మీద గుంపుగా ఉండి పచ్చదనం గీకేస్తాయి, ఈనెలు మిగిలి ఆకు జల్లెడలా అవుతుంది. ఆ జల్లెడాకు ఒక్కటి తుంచినా వందకు పైగా పురుగులు పోతాయి. నాలుగు రోజులు ఆలస్యమైతే అవి చేనంతా పాకి, పగలు నెర్రెల్లో దాగి రాత్రి తింటాయి. అప్పుడు ఏరడం మీ తరం కాదు. ఆముదం వేసి ఆకులు చూడకపోతే మాత్రం పురుగును మనమే సాకినట్టు.

6. పచ్చని చేనులో ఒక్క కొమ్మ, ఒక్క ఆకు తల వాల్చి వాడుతోందా? దాని కాడ మీద చూడండి. కాస్త ఎడంగా రెండు ఉంగరాలు గీసినట్టుంటాయి. అది పెంకు పురుగు పని. ఆ రెండు గీతల మధ్య గుడ్డు పెడుతుంది, పిల్ల కిందికి తొలుచుకుంటూ దిగుతుంది. కింది ఉంగరానికి దిగువన తుంచి, చేను బయట కాల్చండి లేదా లోతుగా పాతేయండి. వారానికి రెండుసార్లు సాళ్ల వెంట నడిస్తే దీన్ని చేతులతోనే అదుపు చేయొచ్చు. ఇంతకు మించిన మందు నాకు కనబడలేదు.

7. పురుగులకూ జబ్బులుంటాయి. ముసురు రోజుల్లో లద్దె పురుగులు తెల్లగా బూజు పట్టి, ఆకు మీదే బిగుసుకుపోయి ఉంటే వాటిని ఏరకండి, ఆ బూజే మిగతావాటికి అంటుకుంటుంది. ఎన్.పి.వి. అనే వైరస్ ద్రావణం కొట్టిన చేనులోనైతే పురుగులు మొక్క కొసకెక్కి తలకిందులుగా వేలాడి చస్తాయి. అయితే లద్దె పురుగు ఎన్.పి.వి. శనగపచ్చ పురుగును చంపదు, దేనికది వేరు.

8. పల్లాకు తెగులు వైరస్. సోకిన మొక్కకు మందే లేదు. లేత ఆకులు పసుపు, ఆకుపచ్చ మచ్చలుగా కనిపించిన రోజే పీకి పాతేయండి. దాన్ని మోసే తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు పెట్టండి, చుట్టూ మూడు నాలుగు వరుసలు జొన్న అడ్డుగా వేయండి. పెసర, మినుముకు కూడా ఇదే తెగులు సోకుతుంది. కాబట్టి ముదురు పెసర చేను పక్కన సోయా వద్దు.

9. ఎకరాకు పది పంగల కర్రలు పాతితే పక్షులు వాలి పురుగులను ఏరుకుంటాయి. లింగాకర్షక బుట్టలు నాలుగు చాలు.

10. ఆకుకు చిల్లులు కనబడగానే కంగారు పడకండి. పూతకు ముందు పావు వంతు ఆకు పోయినా సోయా మళ్లీ చిగురిస్తుంది. కాయ దశలో అంత ఓర్చుకోదు. అక్షింతల పురుగులు, సాలీళ్లు తిరుగుతుంటే కషాయం రెండు రోజులు ఆపి చూడండి.

11. కోత అయ్యాక మోళ్లు అలాగే వదలొద్దు. పెంకు పురుగు పిల్ల కాండాన్ని అడ్డంగా కోసి, మిగిలిన మోడులోనే తలదాచుకుంటుంది. మోళ్లు ఏరి కంపోస్టు గుంతలో అడుగున వేసి పేడ కప్పండి, వేసవిలో లోతు దుక్కి చేయండి.