కుదువ పెట్టిన వస్త్రము

పాఠ్యభాగములు: నిర్గమ 22:26-27, ద్వితీయోపదేశ 24:6, 10-13, ఆమోసు 2:6-8



అప్పు గట్టిగా అడుగుట న్యాయమనియు, వదలివేయుట కనికరమనియు మనము తరచుగా అనుకొందుము. ఒకటి పెరిగితే రెండవది తగ్గునని మన లెక్క. ధర్మశాస్త్రములో ఈ లెక్క కనబడదు.

అప్పిచ్చినవాడు కుదువ తీసికొనవచ్చును, అది అతని హక్కే. అయితే దానికొరకు ఋణస్థుని ఇంటిలో చొరబడరాదు. వాకిట నిలిచియుండవలెను, ఋణస్థుడే దానిని బయటికి తెచ్చి ఇచ్చును. (పేదవాని గడపకు ఇంత మర్యాద!) అతడు బీదవాడైతే, రాత్రి కప్పుకొను వస్త్రమును ప్రొద్దుగ్రుంకు వేళకు తిరిగి ఇయ్యవలెను. అప్పు మాత్రము అలాగే యుండును. వస్త్రమెందుకు తిరిగి ఇయ్యవలెను? నిర్గమకాండములో దేవుడు తన దయనే కారణముగా చూపుచున్నాడు. ద్వితీయోపదేశకాండములో అదే పనిని నీతి అనుచున్నాడు. వస్త్రము తిరిగి ఇచ్చినవాడు దానము చేసెనని అక్కడ వ్రాయబడలేదు.

ఆమోసు కాలమున కొందరు అట్టి వస్త్రముల మీదనే బలిపీఠముల యొద్ద పండుకొనిరి. వారు ఆరాధన మానినవారు కారు సుమా!

1960లో ఇశ్రాయేలు సముద్రతీరమున ఒక పాత కోటలో కుండపెంకు మీద వ్రాసిన హెబ్రీ విన్నపము దొరికెను. అది క్రీ.పూ. 7వ శతాబ్దమునాటిది. ఒక కోతకూలివాడు అధికారికి మొరపెట్టుకొనుచున్నాడు: తన పని ముగించి ధాన్యము కొలిచి పెట్టినను ఒకడు తన వస్త్రము తీసికొనిపోయెనట. తాను నిర్దోషిననియు, తనతో ఎండలో కోసినవారు సాక్ష్యమిత్తురనియు చెప్పుచున్నాడు. చివరి వరుసలు చెడిపోయినవి. అక్కడ అతడు జాలి చూపుమని కోరుచున్నాడని అనేక పండితుల అభిప్రాయము. అతడు మొదట అడిగినది న్యాయము. జాలి అడుగుట సాక్షులను చూపిన తరువాతనే.

మన పెద్దలలోను అనేకులు కూలికి వలస వచ్చినవారే గనుక ఈ మొర మనకు క్రొత్త కాదు. కాని నేడు మనలో అప్పిచ్చువారును ఉన్నారు. రేషను కార్డు, బ్యాంకు ఏటీఎం కార్డు, కుట్టుమిషను తాకట్టు పెట్టించుకొనుట మనమెరుగుదుము. తిరుగటి రాతిని కుదువ తీసికొనరాదని మోషే ఆజ్ఞాపించెను. అది లేనిదే ఆ ఇంట పిండి లేదు. మన బీరువాలో ఎవరి తిరుగటి రాయి ఉన్నదో ఈ వారము తెరచి చూతము. అప్పు సంగతి తరువాత మాటలాడుకొనవచ్చును.