క్లోమంలో కొవ్వు

జీర్ణాశయానికి వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా అమరి ఉన్న గ్రంథి క్లోమం. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. తూకం 100 గ్రాములకు అటూ ఇటూ. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలలోని 'క్లోమ' శబ్దం ఏ అవయవానికి వాచకమో వ్యాఖ్యాతలకే ఏకాభిప్రాయం లేదు. నేటి తెలుగులో మాత్రం అది ఈ గ్రంథికే స్థిరపడింది. గ్రీకులు దీనిని 'పాంక్రియాస్', అనగా 'అంతా మాంసమే' అన్నారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. స్థూలకాయుల క్లోమంలో గ్రంథిభాగాల నడుమ కొవ్వు కణాలు విస్తారంగా చేరి ఉంటాయి.

ఆహారంలోని కొవ్వును విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమును ఉత్పత్తి చేసేది ప్రధానంగా క్లోమమే. అది నాళం గుండా చిన్నపేగును చేరినంతకాలం దేహానికి ఉపకారి. పిత్తాశయపు రాయి నాళాన్ని అడ్డగించినా, మద్యపానం మితిమీరినా క్లోమకణాలు గాయపడవచ్చు. దీనినే క్లోమశోథ అంటారు. అప్పుడు పేగుకు పోవలసిన రసం గ్రంథిలోనికే పొంగుతుంది. ఈ వ్యాధిలో క్లోమం తన్ను తానే జీర్ణించుకొంటుందని హాన్స్ కియారీ 1896లో ప్రతిపాదించాడు.

అంతకు ముందే, 1882లో, జర్మన్ వైద్యుడు బాల్జర్ ఇట్టి రోగుల ఉదరంలోని కొవ్వు మృతిచెందడాన్ని వర్ణించాడు. అచట కనిపించే తెల్లని మచ్చలు ఒక విధమైన సబ్బే. నూనె కాస్టిక్ సోడాతో కలిసి సబ్బు అయినట్లు, లైపేజ్ విడగొట్టిన కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి గడ్డకడతాయి. అందుచేతనే తీవ్రరోగుల రక్తంలో కాల్షియం పడిపోతుంది.

సబ్బుగా మారని ఆమ్లాల సంగతి మరింత దారుణం. వీటిలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు క్లోమకణాలను చంపుతాయనీ, రక్తంలో కలిసి ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ హాని చేస్తాయనీ 2011లో ప్రచురితమైన పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధన తెలిపింది. ఊబకాయపు ఎలుకలలో కొవ్వు విచ్ఛిత్తిని మందుతో అణచినప్పుడు ఆ అవయవాలు రక్షణ పొందాయి, మరణాలూ తగ్గాయి. కనుక క్లోమంలోని కొవ్వు నిప్పు రాజేసేది కాకపోవచ్చు. రాజుకొన్న నిప్పుకు ఇంధనం మాత్రం అదే. అయితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు మించితే ఆ కొవ్వే వ్యాధికి మూలకారణం కాగలదు.

ఇందులో ఒక వింత ఉంది. దీర్ఘకాలిక క్లోమశోథ గలవారి గ్రంథిలో కొవ్వు అధికంగానే ఉంటుంది. కాని ఏళ్ల తరబడి మానుతూ వచ్చిన గాయాల నారపొరలు కొవ్వుకూ క్లోమకణాలకూ నడుమ గోడల వలె నిలుస్తాయి. లైపేజ్ కొవ్వును చేరడం కష్టమవుతుంది. అట్టివారికి మరల తీవ్రశోథ కలిగినా గ్రంథి అంతగా నశించదు.