రోగి మంచం దగ్గర మొదలయ్యే పాఠం: నర్సింగ్ కోర్సును సవరించే అధ్యాపకురాలికి లేఖ



వయోజనుల వ్యాధులలో, శస్త్రచికిత్సలలో నర్సు చేయవలసిన సేవను మొదటిసారిగా బోధించే కోర్సును సవరించే బాధ్యత ఒక యువ అధ్యాపకురాలి చేతికి వచ్చినప్పుడు, ఏ అధ్యాయాన్ని చేర్చాలి, దేనిని కుదించాలి అన్న చర్చకు ముందే ఆమె ఒక ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోవడం మంచిది. కోర్సు ముగిసిన నాడు విద్యార్థిని రోగి మంచం దగ్గర నిలబడి ఏమి చూడగలగాలి, చూసినదానిని ఎవరికి ఎంత త్వరగా చెప్పగలగాలి అన్నదే ఆ ప్రశ్న. ఈ జవాబు స్పష్టంగా ఉంటే తక్కిన నిర్ణయాలు దాని వెంట నడుస్తాయి. అది లేకపోతే స్లైడ్లన్నీ మళ్లీ తయారుచేసినా పాత కోర్సే కొత్త అట్ట వేసుకుని నిలుస్తుంది.

కళాశాలకు ఉన్న స్వేచ్ఛ ఎంతవరకో తెలుసుకోవడం సవరణకు తొలి మెట్టు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించగా 2021లో గెజిట్‌లో వెలువడిన పాఠ్యప్రణాళికతో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ఎనిమిది సెమిస్టర్లుగా మారింది. అంతకు ముందు మెడికల్ సర్జికల్ నర్సింగ్ అని పిలిచిన ఈ కోర్సు అడల్ట్ హెల్త్ నర్సింగ్ అన్న పేరుతో, పాథోఫిజియాలజీని, అంటే ఆరోగ్యంగా ఉన్న శరీరం ఏ క్రమంలో వ్యాధిగ్రస్తమవుతుందో వివరించే శాస్త్రాన్ని, తనలో కలుపుకొని మూడో సెమిస్టర్‌లో మొదటి భాగంగా, నాలుగో సెమిస్టర్‌లో రెండో భాగంగా స్థిరపడింది. మొదటి భాగానికి తరగతి బోధన 140 గంటలు, నమూనా బొమ్మల మీద చేతిపని సాధన చేసే స్కిల్ ల్యాబ్ 40 గంటలు, ఆసుపత్రి వార్డులలో శిక్షణ 480 గంటలు. ఈ గంటలను, అధ్యాయాల జాబితాను మార్చే అధికారం కళాశాలకు లేదు. కానీ అధ్యాయాల మధ్య సంబంధాన్ని ఎలా చూపాలి, ఏ పాఠానికి ఏ వార్డు పోస్టింగ్ జతపడాలి, ఏ పద్ధతిలో బోధించాలి, అంతర్గత మూల్యాంకనంలో దేనికి విలువ ఇవ్వాలి అన్నవన్నీ అధ్యాపకురాలి చేతిలోనే ఉన్నాయి. తరగతిలో గడిపే ప్రతి గంటకూ వార్డులో మూడు గంటలకు పైగా ఉన్నప్పటికీ, సవరణ అనగానే అందరి దృష్టీ ఆ 140 గంటల మీదికే పోవడం, 480 గంటలు ఎప్పటిలాగే డ్యూటీ లిస్టుగా మిగిలిపోవడం ఈ విద్యలో చాలాకాలంగా పాతుకుపోయిన లోపం. నిజమైన సవరణ ఆ పెద్ద భాగంతోనే మొదలుకావాలి.

అలాగని తరగతి పాఠాన్ని చిన్నచూపు చూడరాదు. శ్వాసకోశం, జీర్ణకోశం, గుండె, రక్తం, అంతఃస్రావ గ్రంథులు, చర్మం, ఎముకలు, అంటువ్యాధులు అంటూ అవయవాల వరుసలో సాగే ఈ పాఠ్యాంశంలో ప్రతి వ్యాధికీ నిర్వచనం, కారణాలు, లక్షణాలు, పరీక్షలు, చికిత్స, నర్సింగ్ సేవ అన్న ఒకే అచ్చు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది కాబట్టి, ఇరవయ్యో వ్యాధి దగ్గరికి వచ్చేసరికి విద్యార్థిని ఆలోచన ఆగిపోయి కంఠస్థం మొదలవుతుంది. దీనికి విరుగుడు పాఠ్యప్రణాళికలోనే ఉంది. మొదటి అధ్యాయాలలో వచ్చే ద్రవ లవణాల సమతుల్యత, నొప్పి, షాక్ అన్న మూడు విషయాలను రెండు రోజులలో దాటేసే అంశాలుగా కాక, కోర్సు మొత్తానికి వేళ్లుగా భావించి బోధిస్తే, ఆ తర్వాత వచ్చే ప్రతి వ్యాధీ పరిచయమున్న సూత్రానికి కొత్త ఉదాహరణగా కనిపిస్తుంది.

షాక్ అంటే కణజాలాలకు చాలినంత రక్తం, దానితో పాటు ప్రాణవాయువు అందకపోవడం. ఈ ఒక్క సూత్రం బాగా నాటుకున్న విద్యార్థినికి మూడు వేర్వేరు అధ్యాయాలలో ఉన్న ముగ్గురు రోగులు ఒకే కథ చెబుతారు. ఆపరేషన్ అయిన రోగికి లోపల రక్తస్రావం అవుతున్నప్పుడు నాడి వేగం పెరుగుతుంది, చేతులు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది; కానీ ఒంట్లోని రక్తంలో దాదాపు 30 శాతం పోయేదాకా పై రక్తపోటు మామూలుగానే కనిపించవచ్చు కాబట్టి, బీపీ అంకెను మాత్రమే నమ్ముకున్న నర్సు ఆలస్యంగా మేల్కొంటుంది. డెంగీ రోగికి జ్వరం తగ్గిన రోజే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారే ప్రమాద దశ మొదలుకావచ్చు. జ్వరం దిగిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ వేళ, పై రక్తపోటుకూ కింది రక్తపోటుకూ మధ్య తేడా 20కి దిగిపోతుంటే గుర్తించవలసినది నర్సు. గుండెపోటు వచ్చిన రోగిలో రక్తం తగ్గదు, పంపు బలహీనపడుతుంది. అయినా చల్లబడిన చర్మం, తగ్గిన మూత్రం, అయోమయపు చూపు అవే. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలన్న ఒక లెక్క ఈ ముగ్గురి దగ్గరా పనికి వస్తుంది. నాలుగో సెమిస్టర్‌లో మూత్రపిండాల వ్యాధులు వచ్చినప్పుడు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పీడిస్తున్న కిడ్నీ జబ్బు గురించి చదివేటప్పుడు, అదే పునాది మీద తర్వాతి గోడ లేస్తుంది.

ఇలా చూడటం పుస్తకం చదవడంతో రాదని, అనుభవంతో దశలవారీగా వస్తుందని పాట్రీషియా బెన్నర్ 1984లో ప్రచురించిన గ్రంథంలో వివరించింది. ఆమె చెప్పిన ఐదు దశలలో మొదటిదైన నవశిక్షితురాలు నియమాలను పట్టుకుని నడుస్తుంది. ఏ నియమం ఎప్పుడు వర్తిస్తుందో తెలియడానికి ఆమెకు సందర్భాలు కావాలి. 2006లో క్రిస్టీన్ టానర్ నర్సు ఆలోచనా క్రమాన్ని గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, చేసినదానిని తిరిగి తరచి చూసుకోవడం అన్న నాలుగు అడుగులుగా చూపింది. తొలి కోర్సులో నాలుగు అడుగులూ సమానంగా నేర్పాలన్న తాపత్రయం అక్కరలేదు; మొదటి అడుగు గట్టిపడితే చాలు, ఎందుకంటే గమనించని మార్పుకు ఎంత గొప్ప చికిత్స తెలిసినా ప్రయోజనం లేదు. చికిత్సలో చిక్కులు ఎదురైన రోగిని సకాలంలో గుర్తించి కాపాడలేకపోవడాన్ని ఆసుపత్రుల నాణ్యతకు కొలమానంగా 1992 నుంచి పరిశోధకులు లెక్కిస్తున్నారు. రోగి పక్కన రాత్రింబవళ్లు ఉండేది నర్సు కాబట్టి ఆ కొలమానంలో ఆమె కంటిచూపు కూడా కొలతకు వస్తుంది.

గమనింపు నేర్పడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. శ్వాస వేగాన్ని నిండు నిమిషం లెక్కపెట్టడం అన్న అతి చిన్న పనితో అది మొదలవుతుంది. పెద్దవారిలో నిమిషానికి 12 నుంచి 20 దాకా ఉండే ఈ సంఖ్య, రోగి పరిస్థితి దిగజారబోతోందని ముందుగా చెప్పే గుర్తులలో ఒకటి. అయినా వార్డు చార్టులలో ఊహతో నింపే గడి ఏదైనా ఉంటే అది ఇదే. అందరికీ ఒకే అంకె, పూటపూటకూ అదే అంకె కనిపించే చార్టును చూసి విద్యార్థిని నేర్చుకునేది, లెక్కపెట్టకుండా రాయవచ్చన్న పాఠాన్ని. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2012లో ప్రవేశపెట్టి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక పట్టిక, అంటే శ్వాస, ఆక్సిజన్ శాతం, రక్తపోటు, నాడి, స్పృహ, ఉష్ణోగ్రతలకు మార్కులు వేసి కలిపే పద్ధతి, విడివిడి అంకెలను కలిపి చదవడం నేర్పే మంచి సాధనం. ఆసుపత్రి దానిని అధికారికంగా వాడకపోయినా, తనకు అప్పగించిన రోగికి ప్రతి ఉదయం ఆ మొత్తం కట్టడం విద్యార్థినికి దినచర్య కావచ్చు.

వార్డు గంటలకు ఒక ఆకారం ఇవ్వడం సవరణలో అతి కష్టమైన పని, అతి విలువైన పని కూడా. ఒక విద్యార్థినికి పది మంచాలు అప్పగించి పరుపులు సర్దించి, రక్తం నమూనాలు ల్యాబుకు మోయించి, సాయంత్రానికి హాజరు వేయడం శిక్షణ అనిపించుకోదు. ఒకరిద్దరు రోగులను పూర్తిగా అప్పగించి, డ్యూటీకి ముందు పదిహేను నిమిషాలు ఈ రోగిలో ఈ రోజు ఏది చెడిపోవచ్చు అని అడిగి, డ్యూటీ తర్వాత అరగంట ఏమి చూశారు, ఏమి చూడకుండా వదిలేశారు అని చర్చిస్తే, అదే వార్డు, అవే గంటలు వేరే ఫలితాన్ని ఇస్తాయి. శ్వాసకోశ పాఠం జరిగే వారంలో విద్యార్థినులందరూ శ్వాసకోశ రోగుల దగ్గరే ఉండటం ఏ ఆసుపత్రిలోనూ సాధ్యం కాదు. అందుకే అవయవాన్ని బట్టి కాక సూత్రాన్ని బట్టి ఆ వారపు పని అప్పగించడం మేలు. ద్రవ సమతుల్యత పాఠం నడిచే వారంలో సర్జరీ వార్డులో ఉన్నవారూ, గుండె వార్డులో ఉన్నవారూ తమ రోగి తాగినదీ, సెలైన్‌గా ఎక్కినదీ, బయటికి పోయినదీ కొలిచి తెస్తే, తరగతిలో ఆ చార్టులన్నీ పక్కపక్కన పెట్టి చదవవచ్చు.

తెలుగునాట ఈ కోర్సుకు ఉన్న ప్రత్యేకమైన అవసరం భాష. పాఠం ఇంగ్లీషులో, పరీక్ష ఇంగ్లీషులో, రోగి బాధ మాత్రం తెలుగులో. ఒక ప్రాంతంలో ఆయాసమని, ఎగపోస్తోందని చెప్పేదాన్ని మరో ప్రాంతంలో దమ్ము వస్తోందని అంటారు. కళ్లు బైర్లు కమ్మడం, కాళ్లకు నీరు పట్టడం, అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు అన్నవన్నీ పుస్తకంలోని లక్షణాలే, కానీ వేరే వేషంలో వస్తాయి. ఛాతీ మధ్యలో బరువును గ్యాస్ పట్టేసిందని చెప్పే రోగి మాటను మాటగానే తీసుకుని సోడా తాగమన్న నర్సు గుండెపోటును వదిలేసినట్టే. పప్పు తింటే పుండు చీము పడుతుందని పథ్యం పెట్టే ఇంట్లో, గాయం మానడానికి మాంసకృత్తులు కావాలన్న పాఠం ఎవరినీ చిన్నబుచ్చకుండా, ఆ ఇంటి పెద్దావిడ ఒప్పుకునే మాటలలో చెప్పగలగాలి. అందుచేత ప్రతి అధ్యాయానికీ, ఆ వ్యాధిలో రోగులు నిజంగా వాడే మాటల పట్టికను విద్యార్థినులే వార్డుల నుంచి సేకరించి తయారుచేయడం సవరించిన కోర్సులో ఒక స్థిరమైన పని కావాలి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లీషు పాఠంతో కుస్తీ పడుతున్న విద్యార్థిని ఈ పనిలో తరగతికి దారి చూపగలుగుతుంది. ఆమె ఆత్మవిశ్వాసానికి అంతకంటే మంచి మందు లేదు.

స్కిల్ ల్యాబ్ 40 గంటలే కాబట్టి, చెయ్యి తప్పితే ప్రాణం మీదికి వచ్చే పనులకు అక్కడ పెద్దపీట వేయాలి. భారతదేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో, పెన్నులలో వాడేది 100 యూనిట్ల గాఢతతో దొరుకుతాయి. 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. 40 యూనిట్ల సీసా నుంచి 100 యూనిట్ల సిరంజితో 20 గీత దాకా తీస్తే రోగికి చేరేది 8 యూనిట్లే. ఈ లెక్కను బోర్డు మీద చెప్పి వదిలేయక, రెండు సిరంజిలూ చేతికిచ్చి నీళ్లతో కొలిపించాలి. అలాగే 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటలలో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో నిమిషానికి 42 చుక్కలు పడాలన్న లెక్కను కాగితం మీద చేసిన విద్యార్థిని, వేలాడే సీసా ముందు నిలబడి గడియారం చూస్తూ ఆ చుక్కలను సరిచేసినప్పుడే ఆ పాఠం పూర్తయినట్టు.

పరీక్ష ఎలా ఉంటే చదువు అలా ఉంటుంది. విశ్వవిద్యాలయ రాతపరీక్ష 75 మార్కులకు ఉన్నా, సిద్ధాంతంలో 25 మార్కుల అంతర్గత మూల్యాంకనం, ప్రాక్టికల్‌లో సగం మార్కులు కళాశాల చేతిలో ఉన్నాయి. 1990లో జార్జ్ మిల్లర్ వైద్య విద్యలో సామర్థ్యాన్ని తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, నిత్యం చేయడం అన్న నాలుగు మెట్ల పిరమిడ్‌గా వివరించాడు; సీనియర్ల దగ్గర నుంచి కాపీ చేసుకున్న కేర్ ప్లాన్ అందులో మొదటి మెట్టును కూడా నిరూపించదు. రోనాల్డ్ హార్డెన్ 1975లో పరిచయం చేసిన ఓస్కీ, అంటే ఒక్కో బల్ల దగ్గర ఒక్కో చిన్న పని ఇచ్చి, ముందే నిర్ణయించిన అంశాల ప్రకారం అందరినీ ఒకే కొలతతో చూసే పరీక్షా విధానం, మూడో మెట్టును అందుకోగలదు. అలాంటి బల్లలలో ఒకదానిపై మారుతున్న అంకెలతో ఒక చార్టు పెట్టి, డ్యూటీ డాక్టరుకు ఫోన్‌లో ఒక నిమిషంలో విషయం చెప్పమని అడిగితే, కోర్సు అసలు ఉద్దేశం నెరవేరిందో లేదో అక్కడే తేలిపోతుంది.

సవరణ ఒక్కరి పని కాదన్న సంగతిని చివరగా గుర్తుచేయవలసి ఉంది. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్లు, క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్లు, కిందటి ఏడాది ఈ కోర్సు చదివిన విద్యార్థినులు చెప్పే మాటలు, అలాగే కొత్తగా ఉద్యోగంలో చేరిన పూర్వ విద్యార్థినులు తొలి ఆరు నెలలలో దేనికి భయపడ్డారో, దేనికి సిద్ధంగా లేరో చెప్పే మాటలు కమిటీ నివేదికల కంటే ఎక్కువ దారి చూపుతాయి. సీనియర్ అధ్యాపకులు తయారుచేసిన పాఠాలను తోసిపుచ్చడం వల్ల మంచి కోర్సు రాదు. వారి అనుభవాన్ని అడిగి తీసుకుని, దానికి కొత్త వరుస ఇచ్చినప్పుడు వారు కూడా సవరణకు భుజం కలుపుతారు. అంతా ఒకే ఏడాదిలో మార్చే ఉబలాటాన్ని అదుపులో పెట్టుకుని, మొదటి ఏడాది వార్డు చర్చలను, రెండో ఏడాది మూల్యాంకనాన్ని, మూడో ఏడాది తరగతి వరుసను స్థిరపరచుకుంటూ వెళ్లిన అధ్యాపకురాలి పని నిలుస్తుంది.

చదువు ముగించి ఎక్కడో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి, నిద్రపోతున్నట్టు కనిపించే రోగి పక్కన ఆగి, ఒక నిమిషం నిండా శ్వాస లెక్కపెట్టి, ఆ అంకె నచ్చక వెనువెంటనే డాక్టరును పిలిచిన క్షణంలో, ఏళ్ల కిందట ఒక అధ్యాపకురాలు కోర్సు ప్రణాళికలో రాసుకున్న ఒక చిన్న మార్పు ఆమెకు తోడుగా ఉంటుంది. ఆ అమ్మాయి పేరు అధ్యాపకురాలికి గుర్తుండకపోవచ్చు, ఆ రోగి ఎవరో ఎన్నటికీ తెలియకపోవచ్చు. అయినా ఆ కుటుంబం మర్నాడు ఉదయం తమ మనిషిని చూసుకోగలగడం కోసమే ఈ శ్రమ అంతా. మేనకోడలు చేపట్టిన ఈ పని నిర్విఘ్నంగా సాగాలని, ఆమె దగ్గర చదువుకున్న ప్రతి నర్సు చేతిలో రోగులకు మేలు జరగాలని పెద్దల దీవెన.

ఇట్లు,
ఆశీస్సులతో మేనత్త