వాన రోడ్డుకు ఏ టైరు?

ప్రశ్న: మాది కోల్‌కతా రేవు దగ్గరి ఖిదిర్‌పూర్. రోజూ ఐ20 ఎన్ లైన్‌లో ఆఫీసుకు వెళ్తాను. టైర్లు అరిగాయి. స్పోర్ట్స్ టైర్లు వేయించనా, ఎక్కువ కాలం మన్నేవా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ రేవు రోడ్లపై కంటైనర్ లారీలు, గుంతలు, వానాకాలం నిలిచే నీళ్లు. అందుకే పొడి రోడ్డు వేగం కన్నా తడిలో బ్రేకు పట్టే గుణమే ముఖ్యమండీ. మెత్తటి రబ్బరు బాగా పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. టైరు పక్కన తడిలో పట్టును తెలిపే ట్రాక్షన్ గ్రేడు ‘ఏ’ లేదా ‘ఏఏ’ ఉన్నది, లోతైన గాళ్లున్నది తీసుకోండి. కంపెనీ చెప్పిన 195/55 ఆర్16 సైజే ఉంచండి. పక్కగోడ ఎత్తు తగ్గితే గుంతలో రిమ్ము వంగవచ్చు. తయారీ తేదీ చూడండి: 2325 అంటే 2025లో 23వ వారం. చట్టం 1.6 మి.మీ. గాడి చాలంటుంది, నేనైతే 3 మి.మీ. దగ్గరే మార్చేస్తాను. పక్కగోడ ఉబ్బినా, స్టీరింగ్ వణికినా ఆ రోజే టైర్ల మెకానిక్‌కు చూపించండి.