మత్తు మానినవానికి తోడు

కొడిమ్యాల ప్రాంతపు గ్రామములలో కల్లు క్రొత్తది కాదు. అయితే చెట్టునుండి దింపిన కల్లు వేరు, దుకాణమున కలిపిన కల్లు వేరు. ఈ రెండవదానిలో అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేటు అను నిద్రమందులు కలిసియుండుట తెలంగాణములో పలుమారులు బయల్పడినది. 2015 సెప్టెంబరులో కల్తీని అరికట్టగా, నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో నిత్యము త్రాగువారనేకులు వణకు, మతిభ్రమ, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. వారి శరీరములకు అలవాటైన మందు ఒక్కమారుగా అందకపోవుటయే దీనికి హేతువు.

మందు మెదడును అణచును. నిత్యము అణచబడు మెదడు దానికెదురుగా తన ఉద్రేకమును పెంచుకొనును. ఆ బరువు తటాలున తొలగినచో ఉద్రేకమొక్కటియే మిగులును. సారాయి విషయమునను ఇంతే. మానిన రెండవ దినము మొదలు నాలుగవ దినమువరకు కొందరికి ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ప్రమాణము చేసి తలుపు మూసికొని పరుండుట సాహసమే గాని క్షేమము కాదు. మొదట వైద్యుని చూడవలెను. త్రాగువానికి తెలియకుండ కూరలో మాత్ర కలుపు ఆచారమొకటి కలదు. నా మట్టుకు అది ప్రేమతో చేయు ద్రోహము. డైసల్ఫిరాం తిన్న సంగతి తెలియక త్రాగినవాడు గుండె క్రుంగి పడిపోవచ్చును.

వైద్యము కొలది వారములలో ముగియును. తోడు అవసరమగునది ఆ తరువాతనే. 1935 మే నెలలో అమెరికాదేశపు ఆక్రన్ పట్టణమున బిల్ విల్సన్ అను వ్యాపారి త్రాగుడు మాని కొన్ని నెలలైనను, వ్యవహారము చెడి, హోటలులో ఒంటరియై తిరిగి త్రాగుటకు సిద్ధమయ్యెను. అప్పుడతడు ఒక పాదిరిగారికి టెలిఫోను చేసి, తనవంటి వేరొక త్రాగుబోతును చూపుమని వేడెను. అట్లు దొరికినవాడు రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. వీరిరువురి సంభాషణమునుండియే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము పుట్టినది. మాటలాడినవాడును బ్రదికెను, విన్నవాడును బ్రదికెను.

త్రాగి మానినవాడే తోడు కావలెనని లేదు. గోవాలో జరిగిన యొక పరిశోధన 2017లో ప్రకటింపబడినది. అందు 377 మంది పురుషులలో సగముమందికి, వైద్యులు కాని శిక్షితులు ఒక్కొక్కరితో నాలుగుసార్లకు మించక మాటలాడిరి. మూడు నెలలకు వీరిలో నూటికి 36 మందికి త్రాగుడు అపాయస్థితిని దాటి తగ్గెను. మామూలు చికిత్స పొందినవారిలో 26 మందికే తగ్గెను. అయితే వీరు తీవ్రముగా బానిసలైనవారు కారని మరువరాదు.

తోడైనవాడు ఉపన్యసింపడు, అడుగును. ఏ పొద్దున కోరిక లేచును? కూలి చేతబడిన సాయంకాలమా? గల్ఫునుండి వచ్చిన మిత్రుని విందుననా? దుకాణము ముందటి త్రోవ తప్ప వేరు త్రోవ లేదా? ఒకనికి త్రోవ మార్చిన చాలును. మరియొకనికి కూలిడబ్బు భార్యచేతికి ముందే చేరవలెను. ఎవరైన గ్లాసు చాచినప్పుడు చెప్పదగిన మాటను ఇద్దరును కలిసి ముందుగానే పలికి చూచుకొందురు. నవ్వులాటవలె తోచును గాని ఇది మిక్కిలి పనికివచ్చును. మరల త్రాగెనా, తిట్టక, ముందురోజు ఏమి జరిగెనో విచారింపవలెను. కొన్నాళ్లు మానిన దేహము పూర్వపు మోతాదును తాళలేదని ముందే హెచ్చరింపవలెను.

ఈ భారమును ఇంటి పిల్లవానిపై వేయరాదు. తండ్రి జేబు వెదకుట, సీసాలు దాచుట బాలుని పని కాదు. తండ్రి త్రాగుటకు బాలుడు కారణమును కాడు. అట్టి విద్యార్థి నమ్మదగిన ఉపాధ్యాయునితో చెప్పుకొనవచ్చును. ఇంటివారు 14446 అను ఉచిత జాతీయ టెలిఫోను సంఖ్యకు మాటలాడి, సమీపమున చికిత్స ఎక్కడ దొరకునో తెలిసికొనవచ్చును.