ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పకండి
కొత్త రైఫిల్ గురి: సందేహాలు - సమాధానాలు

కూచిపూడి నుంచి ఒక తండ్రి: మా ఊళ్ళో పిల్లలు కాళ్ళకు గజ్జె కడుతుంటే మావాడు తుపాకీ పట్టాడండి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 50 మీటర్లకు మారాడు. లైసెన్సు వచ్చాక కొత్త .22 రైఫిల్ తీసుకున్నాం. మొదటిరోజు రేంజిలో ఐదు తూటాలు 9 మిల్లీమీటర్లలో పడ్డాయి. పై వారం అదే రైఫిల్, అదే పెట్టెలో తూటాలు, 22 మిల్లీమీటర్లు చెదిరాయి. రైఫిల్ పాడైందా? తిరిగి ఇచ్చేయమంటారా?

సమాధానం: ఇచ్చేయకండి. ఆ రెండు కాగితాలూ ఒకే రైఫిల్ గురించి ఒకే మాట చెబుతూ ఉండొచ్చు.

ఐదు తూటాలకు సగటున 15 మి.మీ. గ్రూపు పెట్టే రైఫిల్ ఒకటి ఉందనుకుందాం. దాంట్లో లోపం లేదు, పేల్చేవాడి చెయ్యి వణకలేదు, గాలి లేదు. అయినా పేలుస్తూ పోతే ఒకసారి 9 వస్తుంది, మరోసారి 22 వస్తుంది. ఎందుకంటే గ్రూపు కొలిచేటప్పుడు మనం చూసేది ఒకదానికొకటి అన్నిటికన్నా దూరంగా పడిన రెండు రంధ్రాలనే. మిగతా మూడూ వాటి మధ్య ఎక్కడున్నా లెక్కలోకి రావు. రెండు రంధ్రాల మీద ఆధారపడ్డ కొలత ఊగిసలాడక ఏం చేస్తుంది?

ఎన్ని తూటాలు పేల్చామన్నది కూడా కొలతను మార్చేస్తుంది. ఐదింటికి సగటున 15 ఇచ్చే రైఫిలే మూడింటితో 12 దగ్గర ఆగుతుంది, పదింటితో 18, 19 దాకా పోతుంది. మూడు తూటాల కాగితం జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళు ప్రతి రేంజిలోనూ ఉంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోకండి, పది పేల్చి చూపించమనండి. రైఫిల్‌తో పాటు పెట్టెలో వచ్చే పరీక్ష కాగితం సంగతీ అంతే. అది పెళ్ళిచూపులకు పంపిన ఫొటో. అబద్ధం కాదు గానీ, దాన్ని చూసి సంసారం ఎలా సాగుతుందో చెప్పలేం.

మీవాడి చేత ఇలా చేయించండి. పడుకుని కాదు, బల్ల మీద ఆనించి పేల్చాలి. ఈ పరీక్ష రైఫిల్‌కి, కుర్రాడికి కాదు. స్టాక్ ముందు భాగం కింద ఒక ఇసుక సంచి, భుజానికి ఆనే చివర కింద ఇంకొకటి పెట్టండి. ఇసుకను జల్లించి బాగా ఎండబెట్టాకే నింపాలి. తడి ఇసుకైతే ఆరేకొద్దీ సంచి కుంగుతుంది, గురి జారుతుంది. బియ్యం నింపుతామంటారు కొందరు. పురుగు పట్టాక వాళ్ళే మానేస్తారు. బ్యారెల్‌ను మాత్రం సంచికి తాకనివ్వకండి. తూటా వెళ్ళే క్షణంలో బ్యారెల్ కంపిస్తుంది. దానికి ఏదైనా ఆసరా తగిలితే ఆ కంపనం మారి తూటా వేరేచోట పడుతుంది. వీటన్నిటికన్నా ముందు, యాక్షన్‌ను, అంటే తూటాను పేల్చే యంత్ర భాగాన్ని, స్టాక్‌కి బిగించే స్క్రూలు తయారీదారు చెప్పిన బిగువులో ఉన్నాయో లేదో చూడండి. 'కొత్తది, కానీ కొట్టడం లేదు' అని తెచ్చే రైఫిళ్ళలో కొన్నిటి రోగం ఆ స్క్రూల్లోనే ఉంటుంది.

తర్వాత ఒకే లాట్, అంటే ఒకే విడతలో తయారైన తూటాలతో ఐదేసి చొప్పున ఐదు గ్రూపులు పెట్టించండి. ఖర్చుకు వెనకాడకపోతే పదేసి చొప్పున. ప్రతి గ్రూపూ కొలిచి సగటు రాయండి. వాటిలో బాగున్నది గోడకు అంటించుకున్నా పరవాలేదు, లెక్కలో మాత్రం దానికి ప్రత్యేక మర్యాద వద్దు. 'ఇది నా చేతి తప్పు' అని తీసేయదగ్గ తూటా ఒకటీ అరా ఉంటుంది. ఆ మాట ట్రిగ్గర్ నొక్కిన వెంటనే, కాగితం చూడకముందే చెప్పాలి. చూశాక చెప్పేది సాకు.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్ ఉంటే చాలు. దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, అందులోంచి తూటా వ్యాసం 5.6 మి.మీ. తీసేయండి.

ఎంత వస్తే చాలు అంటారా? 50 మీటర్ల టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మి.మీ. తూటా అంచు ఆ వలయాన్ని తాకినా పదే. అంటే తూటా కేంద్రం, టార్గెట్ కేంద్రానికి 8 మి.మీ. లోపల పడితే చాలు. 16 మి.మీ. వృత్తంలో ఇమిడే గ్రూపును సరిగ్గా మధ్యకు తెచ్చారంటే అన్నీ పదులే. మీవాడి రైఫిల్ సగటు 15 దగ్గర తేలితే ఈ దశలో అది అతనికి అడ్డు కాదు. ఫైనల్స్‌లో పదిని కూడా 10.0 నుంచి 10.9 దాకా విడగొట్టి లెక్కిస్తారు. అక్కడికి చేరాక ఈ విషయం మళ్ళీ మాట్లాడుకుందాం. అప్పుడు కూడా ముందు తూటాల గురించి, తర్వాతే రైఫిల్ గురించి.

విజయవాడ నుంచి ఒక క్రీడాకారుడు: ఒక రకం తూటాలతో రంధ్రాలు నిలువు గీతలా పైకీ కిందకీ పడుతున్నాయి, అడ్డంగా చెదరడం లేదు. ఇంకో రకంతో గుండ్రంగా, దగ్గరగా వస్తున్నాయి. ధర చూస్తే మొదటిదే ఎక్కువ. బ్యారెల్ లోపమా?

సమాధానం: బ్యారెల్‌ని అనుమానించే ముందు తూటాల వేగాన్ని అనుమానించండి. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాకు వెనక మధ్యలో క్యాప్ ఉండదు. నిప్పందించే రసాయనం ఇత్తడి డొప్ప అంచు లోపల పలచగా చేరి ఉంటుంది, పిన్ను ఆ అంచును నలగ్గొడితే రాజుకుంటుంది. ఆ పూత అన్ని డొప్పల్లోనూ అంచు చుట్టూ ఒకేలా పరుచుకోవాలి. పరుచుకోకపోతే మందు మండే తీరులో తేడా, దాంతో వేగంలో తేడా.

ఆ తేడా కాగితం మీద ఎంతవుతుందో చూడండి. మామూలు మ్యాచ్ తూటా బరువు 2.6 గ్రాములు. సెకనుకు 330 మీటర్ల దరిదాపు వేగంతో బయల్దేరి 50 మీటర్లు చేరడానికి దాదాపు 0.16 సెకను పడుతుంది. ఆ కాస్త సేపట్లోనే 12 సెంటీమీటర్ల పైన కిందకు దిగుతుంది. సైట్లు ముందే సరిచేసుకున్నాం కాబట్టి అది మనకు కనిపించదు. ఇప్పుడు వేగం సెకనుకు 10 మీటర్లు తగ్గిందనుకోండి, ఇంకో 8 మి.మీ. దిగుతుంది. పది వలయం మొత్తం 10.4 మి.మీ. అని ఇందాకే చెప్పుకున్నాం. మీ నిలువు గీత విషయంలో ఇంకో అనుమానం ఊపిరి. బల్ల మీద పేల్చినా ఛాతీ స్టాక్‌ను కదిపితే గీత నిలువుగానే సాగుతుంది. ఊపిరి ఒకేచోట ఆపి ఇంకో రెండు గ్రూపులు చూడండి. అప్పటికీ గీత పోకపోతే తప్పు పెట్టెలో ఉంది.

ఖరీదైన తూటా మీ బ్యారెల్‌కు నచ్చాలని ఎక్కడా లేదు. అంతెందుకు, ఒకే కంపెనీ ఒకే పేరుతో చేసిన రెండు లాట్లు ఒకే రైఫిల్‌లో ఒకలా కొట్టవు. అందుకే తూటాల కంపెనీలైన ఎలీ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, లపువా జర్మనీలోని షోనెబెక్‌లో పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. క్రీడాకారులు రైఫిల్ పట్టుకెళ్ళి, దాన్ని బిగింపులో పెట్టి, లాట్ తర్వాత లాట్ పేల్చి చూసి, నచ్చిన లాట్‌నే కొనుక్కుంటారు. అందరం బర్మింగ్‌హామ్ పోలేం కదా. నలుగురు కలిసి నాలుగు లాట్లు తెప్పించుకుని పంచుకుని పరీక్షించుకోండి. ఎవరి రైఫిల్‌కు ఏది కుదిరితే వాళ్ళు ఆ లాట్ నంబరు పెట్టెలు ఎక్కువ తీసుకోండి.

రకం మార్చిన ప్రతిసారీ మొదటి పదీ పదిహేను తూటాలు కొలవకండి. ప్రతి రకం తూటా మీదా దాని మైనం పూత ఉంటుంది, బ్యారెల్ లోపల పాత మైనం పోయి కొత్తది పట్టేదాకా గ్రూపు కుదురుకోదు. తూటాల గురించే ఇంకో మాట. మే నెలలో మన బెజవాడ ఎండకు కారు డిక్కీలో తూటాల పెట్టె వదిలేసి, రేంజికి వెళ్ళాక గురి పైకి పోతోందని కొత్త స్కోప్ వెతికేవాళ్ళు ఉంటారు. వేడెక్కిన మందు వేగం మారుతుంది. పెట్టెను నీడలో, మీ పక్కనే ఉంచుకోండి. నోటుబుక్కులో తేదీతో పాటు ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.

మచిలీపట్నం నుంచి ఒక ఎన్‌సీసీ క్యాడెట్: నమస్తే సార్. మా క్యాంపులో .22 రైఫిల్‌తో 25 గజాల నుంచి ఐదు రౌండ్లు కొట్టాను. ఐదూ ఐదు రూపాయల బిళ్ళ కింద దాగిపోయాయి. 50 మీటర్లలోనూ అలాగే కొట్టగలనా?

సమాధానం: బాగా కొట్టావమ్మా. ఐదు రూపాయల బిళ్ళ వ్యాసం 23 మి.మీ. అనుకుందాం. అందులోంచి తూటా వ్యాసం తీసేస్తే నీ గ్రూపు 17 మి.మీ. చిల్లర. 25 గజాలంటే 23 మీటర్లకు కాస్త తక్కువ. అదే కోణంతో 50 మీటర్లకు సాగదీస్తే 38 అవుతుంది. గాలి, వేగం తేడా కలిస్తే ఇంకా పెరుగుతుంది. దిగులుపడకు. ఆ 17లో రైఫిల్ వాటా కొంత, నేల మీద పడుకుని మోచేతుల మీద మోసిన నీ వాటా కొంత. పైగా అది ఎన్నో బ్యాచ్‌ల క్యాడెట్ల చేతులు మారిన రైఫిల్. అదే రైఫిల్‌ను ఇసుక సంచి మీద పెట్టి పేల్చనిమ్మని మీ ఇన్‌స్ట్రక్టర్ గారిని అడుగు. అప్పుడు వచ్చే గ్రూపు రైఫిల్‌ది, పెరిగిన మిగతాది నీది. ఆ మిగతాది సాధనతో తగ్గుతుంది.

పడుకుని కొట్టడం అంటే తేలికనుకునేవాళ్ళ మాట వినకు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యంతో అందరికీ తెలుసు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 50 మీటర్ల ప్రోన్‌లో, అంటే పడుకుని కొట్టే పోటీలో, రజతం తెచ్చింది కూడా ఆయనే. రియో తర్వాత ఒలింపిక్స్‌లో ప్రోన్ విడి ఈవెంటుగా లేదు. మోకాలి మీద, పడుకుని, నిలబడి కొట్టే మూడు భంగిమల పోటీ మాత్రం ఉంది. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 451.4 పాయింట్లతో కాంస్యం తెచ్చింది అందులోనే.

అవనిగడ్డ నుంచి: ఉదయం కొట్టినవి మధ్యకు పడుతున్నాయి. మధ్యాహ్నం దాటాక ఆరుబయట రేంజిలో అన్నీ పక్కకు పోతున్నాయి. ఎక్కువ వేగం తూటాలు వాడితే గాలికి తట్టుకుంటాయని ఒకరు చెప్పారు. నిజమేనా?

సమాధానం: సముద్రానికి అంత దగ్గర ఉండి గాలి గురించి నన్నడగాలా! పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. గంటకు 10 కిలోమీటర్ల అడ్డగాలి, అంటే చెంప మీద చల్లగా తగిలేంత, 50 మీటర్లలో ఈ తూటాను సుమారు 2 సెంటీమీటర్లు పక్కకు తోస్తుంది. రైఫిల్ పరీక్ష ఉదయమే ముగించండి. కుదరకపోతే సగం దూరంలో కర్రకు పలచటి రిబ్బను కట్టి, అది ఒకేలా ఊగుతున్నప్పుడే పేల్చండి.

ఎక్కువ వేగం సలహా తిరగబడుతుంది. ధ్వని వేగం మన వాతావరణంలో సెకనుకు 350 మీటర్ల చుట్టుపక్కల. ఆ గీత దాటి బయల్దేరిన తూటాకు గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. దారిలో ఎక్కువ వేగం పోగొట్టుకునే తూటానే గాలి ఎక్కువ తోస్తుంది. మ్యాచ్ తూటాలను ధ్వని వేగానికి లోపలే ఉంచి తయారుచేసేది ఊరికే కాదు.

ఘంటసాల నుంచి: రేంజి దూరం. మా పొలంలో గట్టుకు అట్టముక్క ఆనించి కొత్త రైఫిల్ పరీక్షించుకోవచ్చా? లైసెన్సు ఉంది.

సమాధానం: వద్దు. క్రీడ కోసం ఇచ్చిన లైసెన్సు అనుమతి ఉన్న రేంజిలో కొట్టడానికి, పొలంలో కాదు. చట్టం పక్కన పెట్టినా, .22 తూటా కిలోమీటరున్నర దాకా పోగలదు. డెల్టాలో కిలోమీటరున్నరలో మనిషి లేని చోటు ఏదో చూపించండి. నీళ్ళు పెట్టిన మడి మీద వాలుగా తగిలిన తూటా లోపలికి దిగదు, ఎగిరి ఇంకో వైపు పోతుంది. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్ శక్తి 20 జౌళ్ళకు మించకూడదు. మీ చేతిలో ఉన్నది దానికి ఏడు రెట్లు. బస్సు ఛార్జీ పెట్టుకుని రేంజికే వెళ్ళండి.

పామర్రు నుంచి: పెద్ద రైఫిల్ మీది స్కోప్ ఖాళీగా ఉంటే .22 మీద బిగించాను. తల కదిలితే గురి కదులుతోంది. ఇంకో సంగతి, ఇంట్లో ఖాళీ ట్రిగ్గర్ నొక్కి సాధన చేయొచ్చా?

సమాధానం: పెద్ద రైఫిళ్ళ స్కోపులు చాలావరకు 100 గజాలకు సరిచేసి వస్తాయి. 50 మీటర్లలో కన్ను మధ్య నుంచి జరిగితే, 40 మి.మీ. అద్దమున్న స్కోప్‌లో తప్పు 9 మి.మీ. దాకా పోవచ్చు. దూరం సరిచేసుకునే చక్రం ఉన్న స్కోప్ గానీ, రిమ్‌ఫైర్ కోసమే 50 గజాలకు సరిచేసినది గానీ తీసుకోండి. పావు మినిట్ క్లిక్కుకు 50 మీటర్లలో 3.6 మి.మీ. జరుగుతుంది, గుర్తుంచుకోండి. 100 గజాల లెక్కతో తిప్పితే చుట్టూ తిరుగుతూ ఉంటారు.

ఖాళీగా నొక్కడం గురించి మీ రైఫిల్ పుస్తకం చూడండి. పరవాలేదని అందులో రాసి ఉంటే తప్ప నొక్కకండి. రిమ్‌ఫైర్‌లో పిన్ను కొట్టేది అంచు మీద. డొప్ప లేకపోతే ఆ దెబ్బ ఛాంబర్ అంచుకే తగిలి సొట్ట పడుతుంది. ఆ తర్వాత తూటా సరిగ్గా కూర్చోదు, ఖాళీ డొప్ప బయటకు రాదు. బజారులో దొరికే ప్లాస్టిక్ డమ్మీ తూటా పెట్టుకుని నొక్కండి. అది నలిగితే తిప్పి పెట్టండి, బాగా నలిగితే పారేసి ఇంకొకటి తెచ్చుకోండి.